కరక్కాయ నీళ్లు, బొంత సూది

నూలు బట్టకు రంగు అంటడం వేరు, పట్టడం వేరు. వంటింట్లో కొంగు మీద పడిన పసుపు క్షణంలో అంటుకుంటుంది, నాలుగు ఎండలు తగిలితే వెలిసిపోతుంది. మొహెంజొదారో తవ్వకాల్లో ఒక వెండి పాత్రను అంటిపెట్టుకుని దొరికిన నూలు పీలికలో మాత్రం, మంజిష్ఠ జాతి వేరు ఇచ్చిన ఎరుపు నాలుగు వేల ఏళ్లు దాటినా ఆనవాలు పట్టేలా మిగిలింది. పసుపు చిక్కని రంగే. దానికీ దారానికీ మధ్య గట్టి బంధం లేదు, అంతే. ఇంట్లో బట్టకు రంగు వేసి, ఆ ముక్కలను కలిపి బొంతో సంచో దుప్పటో కుట్టుకునే పనిలో మొదటి నుంచి చివరిదాకా జరిగేది అతకడమే. ముందు రంగును దారానికి అతకాలి, తరువాత బట్టను బట్టకు అతకాలి. రెండు చోట్లా పని బాగా కుదిరిందా లేదా అన్నది చాలావరకు అంతకుముందు చేసుకున్న సన్నాహంలోనే తేలిపోతుంది.

మొదట బట్ట ఏమిటో తెలియాలి. నూలు చెట్టు నుంచి వచ్చిన సెల్యులోజ్. పట్టు, ఉన్ని జీవుల నుంచి వచ్చిన ప్రొటీన్లు. పాలిస్టర్ ఈ రెండూ కాదు, ఇంటి రంగులేవీ దానికి పట్టవు. దుకాణంలో ‘కాటన్’ అని ఇచ్చిన గుడ్డలో పాలిస్టర్ కలిసి ఉండటం మామూలే కాబట్టి, అంచు నుంచి నాలుగు పోగులు లాగి కాల్చి చూడటం మేలు. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. ఇక్కడి కొలతలన్నీ నూలుకే. కొలతలకు ఆధారం ఆరిన బట్ట బరువు. నీళ్లెన్ని ఉన్నా ఫరవాలేదు, బట్ట బరువు తెలియకుండా పటిక వేస్తే రెండోసారి అదే రంగు రాదు.

కొత్త బట్టలో గంజి ఉంటుంది, మగ్గం మీద తగిలిన నూనె ఉంటుంది, పత్తికి పుట్టుకతో వచ్చిన మైనం ఉంటుంది. ఇవి పోకపోతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున బట్టల సోడా, కాస్త సబ్బు వేసి, బట్టను గంటసేపు ఉడికిస్తే నీళ్లు టీ డికాక్షన్ రంగుకు తిరుగుతాయి. తెల్లగా మెరిసే గుడ్డలోంచి అంత మడ్డి వస్తుందని ఒకసారి చూస్తేగాని నమ్మకం కలగదు. ఉడికించి, జాడించి, ఆరవేసిన బట్ట మీద ఒక నీటి చుక్క వేయాలి. చుక్క నిలబడకుండా వెంటనే ఇంకిపోతే బట్ట సిద్ధమైనట్టు. పూసలా నిలిస్తే మళ్లీ ఉడికించాలి. ఇందుకు వాడే గిన్నెలు, గరిటెలు మళ్లీ వంటకు వాడకూడదు. స్టీలు గిన్నె అన్నిటికన్నా నయం. ఇనుప మూకుడులో ప్రతి రంగూ నల్లబడుతుంది.

ఇప్పుడు అసలు ముడి. మంజిష్ఠ వేరు నీటిలో ఉత్త నూలు గుడ్డను ఉడికిస్తే గులాబీ చాయ వచ్చి, నాలుగు ఉతుకులకే పోతుంది. దారానికీ రంగుకూ మధ్య ఒక లోహం కూర్చోవాలి. ఆ లోహం పటికలో ఉంది. నీళ్లు తేరడానికి కుండలో తిప్పే పటిక, మంగలి దుకాణంలో గడ్డం గీశాక రుద్దే పటిక అదే. దానిలోని అల్యూమినియం ఒక చేత్తో రంగును, ఒక చేత్తో దారాన్ని పట్టుకుంటుంది. పట్టుకూ ఉన్నికీ పటిక నేరుగా పడుతుంది. నూలుకు పట్టదు. అందుకే నూలుకు ముందుగా కరక్కాయ కావాలి. కరక్కాయలోని టానిన్ నూలుకు అంటుకుంటుంది, పటిక ఆ టానిన్‌కు అంటుకుంటుంది, రంగు పటికకు అంటుకుంటుంది. మూడు అంచెల అతుకు ఇది.

శ్రీకాళహస్తి కలంకారీ పనివారు చేసేదీ ఇదే. వారు కరక్కాయ పొడిని గేదె పాలలో కలిపి బట్టను అందులో ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల కలంతో గీసిన గీత పక్కకు పాకదు. గీతలు గీయకుండా బట్ట మొత్తానికి రంగు వేసేవారికి పాలు అక్కర్లేదు. 100 గ్రాముల బట్టకు 20 గ్రాముల కరక్కాయ పొడిని వేడినీళ్లలో కలిపి, వడగట్టి, బట్టను రాత్రంతా నానబెట్టి, పిండి నీడలో ఆరవేస్తే చాలు. లేత పసుపు చాయ వస్తుంది. మర్నాడు 15 గ్రాముల పటికను వేడినీళ్లలో పూర్తిగా కరిగించి, బట్ట మునిగేంత నీళ్లు పోసి, గంట రెండు గంటలు తిప్పుతూ నాననివ్వాలి. తిప్పకుండా వదిలేస్తే మడతలు పడిన చోటల్లా చారలు వస్తాయి, ఆ చారలు తరువాత ఏ రంగులోనూ దాగవు. ఆరాక ఒకసారి తేలిగ్గా జాడించి, దారానికి పట్టని పటికను వదిలించాలి.

కరక్కాయ పెట్టిన బట్టకు పటిక బదులు ఇనుము తగిలితే నలుపు వస్తుంది. పాతకాలపు సిరా కూడా ఈ కలయికతోనే చేసేవారు. కలంకారీ నలుపుకు తుప్పు ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో పోసి రెండు మూడు వారాలు పులియబెడతారు. దీనిని కసిమి అంటారు. బెల్లం పులిసి పుట్టిన ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. చూడటానికి ఆ నీరు నల్లగా ఏమీ ఉండదు, కరక్కాయ పట్టిన బట్టకు తగిలాకే కళ్లముందు నల్లబడుతుంది. చిన్న సీసాలో ఇంట్లో చేసుకోవడానికి ఇంతకన్నా తేలికైనది లేదు. కానీ ఎక్కువ వేస్తే ఇనుము దారాన్ని తినేస్తుంది. రెండు మూడు చెంచాలను నీళ్లలో పలచన చేసి వాడితే బూడిద రంగు నుంచి నలుపు దాకా చాయలన్నీ దొరుకుతాయి.

ఎరుపుకు తెలుగు దేశంలో పేరుపడ్డది చిరివేరు. పదిహేడవ శతాబ్దంలో డచ్చి, ఇంగ్లీషు వర్తకులు మచిలీపట్నానికీ నిజాంపట్నానికీ ఓడలు నడిపింది చాలావరకు ఈ తీరపు రంగుబట్టల కోసమే. గవ్వల సున్నం కలిసిన కృష్ణా డెల్టా ఇసుక నేలల్లో పెరిగిన వేరు మంచి ఎరుపు ఇస్తుందని అప్పుడే పేరు. అది ఊరికే వచ్చిన పేరు కాదు. చిరివేరులోని ఎలిజరిన్ అనే రంగు పదార్థం పటికతో కలిసి గట్టి ఎరుపుగా మారాలంటే కాల్షియం కావాలి. ఇప్పుడు ఇంటి అవసరానికి చిరివేరు కన్నా మంజిష్ఠ తేలికగా దొరుకుతుంది, ఆయుర్వేద మూలికల దుకాణంలో అడిగినా ఇస్తారు. 100 గ్రాముల బట్టకు 50 నుంచి 100 గ్రాముల వేరు పొడిని ఒక రాత్రి నానబెట్టి, నెమ్మదిగా వేడి చేయాలి. 60, 70 డిగ్రీలు దాటకూడదు. వేలు పెట్టలేనంత వేడి, కానీ మరుగు రాని వేడి. తెర్లనిస్తే వేరులోని గోధుమ రంగు బయటికొచ్చి ఎరుపును మసకబారుస్తుంది. బోరు నీళ్లు మరీ మెత్తనివైతే చిటికెడు సుద్ద పొడి వేస్తే ఎరుపు తేరుతుంది.

మిగతా రంగులకు ఇంత పట్టింపు లేదు. దానిమ్మ తొక్కలో టానిన్ తానే ఉంటుంది, పటికతో పసుపుపచ్చ, ఇనుముతో ముదురు ఆకుపచ్చ బూడిద. బంతిపూలు పటికతో మంచి పసుపు. ఉల్లిపొట్టు మొదట మెరిసే నారింజ రంగు ఇస్తుంది గానీ ఎండకు నిలవదు, అది గోడకు వేలాడే పనికి వద్దు. పసుపు కొమ్ము సంగతి వేరే. సబ్బు తగలగానే పసుపు మరక ఎర్రబడటం చాకిరేవు దగ్గర అందరూ చూసిందే, కాళ్లకు పెట్టే పారాణి కూడా సున్నం తగిలిన పసుపే. పసుపు ఎక్కడ క్షారం తగిలినా రంగు మారుస్తుంది, ఎండకు ఓడిపోతుంది. పూజగుడ్డకు అది చాలు, బొంతకు చాలదు.

నీలి ఈ లెక్కల్లో దేనికీ లోబడదు. నీలిమందు నీళ్లలో కరగదు, పటికను అడగదు, వేడినీళ్లలో ఎంత ఉడికించినా బురదలా అడుగున కూర్చుంటుంది. క్షారం కలిసిన నీటిలో దాన్ని క్షయకరణం (రిడక్షన్) చేస్తేనే కరుగుతుంది. అప్పుడది నీలంగా ఉండదు, పసుపుపచ్చగా మారుతుంది. ఆ పచ్చనీటిలో ముంచిన బట్టను పైకి తీయగానే గాలి తగిలి మొదట ఆకుపచ్చ, తరువాత నీలం అవుతుంది. ఎన్నిసార్లు చేసినా ఆ మార్పు చూడటానికి పిల్లలూ పెద్దలూ చుట్టూ చేరతారు. నీలి సాగుకు కడప ప్రాంతానికి ఒకప్పుడు మంచి పేరుండేది. 1897లో జర్మనీలోని బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిని అమ్మకానికి తెచ్చాక ఆకు నుంచి తీసే నీలి ధర పడిపోయింది. కడప నీలి పొలాలు కూడా ఆ దెబ్బ తిన్నవే.

దక్షిణాదిలో పాతకాలపు నీలి తొట్టిలో సున్నంతో పాటు ఉడికించిన తగిరిస గింజలు వేసి పులియబెట్టేవారు. అది రోజూ చూసుకోవలసిన ప్రాణమున్న తొట్టి, అపార్టుమెంటు బాల్కనీకి కష్టం. ఇంట్లో చేసేవారికి ఫ్రాన్సుకు చెందిన మిషెల్ గార్సియా ప్రచారంలోకి తెచ్చిన 1, 2, 3 లెక్క తేలిక. ఒక వంతు నీలిమందు, రెండు వంతుల సున్నం, మూడు వంతుల ఫ్రక్టోజ్ చక్కెర. పది లీటర్ల నీటికి 50 గ్రాముల నీలి, 100 గ్రాముల సున్నం, 150 గ్రాముల ఫ్రక్టోజ్ సరిపోతాయి. బెల్లంతోనూ, మగ్గిన పండ్ల రసంతోనూ నడిపేవారున్నారు గానీ పని నెమ్మదిగా సాగుతుంది. వేడినీళ్లలో అన్నీ కలిపి, సుడి తిరిగేలా తిప్పి వదిలేస్తే కొన్ని గంటల్లో పైన రాగి మెరుపున్న పొర, నీలం నురుగు కనిపిస్తాయి. కింద నీరు కల్లు సీసా గాజులా పసుపుపచ్చగా ఉంటే తొట్టి సిద్ధం. సున్నం చేతుల చర్మాన్ని తినేస్తుంది కాబట్టి రబ్బరు తొడుగులు తప్పనిసరి.

తడిపి పిండిన బట్టను బుడగలు రాకుండా మెల్లగా ముంచాలి, ఎందుకంటే లోపలికి పోయిన గాలి తొట్టిని చెడగొడుతుంది. అడుగున పేరిన సున్నాన్ని తాకనివ్వకూడదు. అయిదు, పది నిమిషాలు ఉంచి తీసి, అంతే సేపు గాలికి ఆరనిచ్చి మళ్లీ ముంచాలి. ముదురు నీలం కావాలంటే ఒక్కసారి గంటసేపు ముంచడం కన్నా ఆరుసార్లు కొద్దికొద్దిగా ముంచడం మంచిది. పొరలు పొరలుగా ఎక్కిన నీలి నిలుస్తుంది, ఒక్కసారిగా ఎక్కినది చేతికి అంటుతుంది. చివర కాస్త వెనిగర్ కలిపిన నీళ్లలో జాడిస్తే సున్నం విరుగుతుంది. పసుపుపచ్చ వేసిన బట్టను నీలిలో ముంచితే ఆకుపచ్చ. ప్రకృతి రంగుల్లో మంచి ఆకుపచ్చకు ఇదే దారి.

ఇంత ఓపిక లేనివారికి, ఎర్రటి గులాబీ, చిలకపచ్చ లాంటి రంగులు కావాలనుకునేవారికి రియాక్టివ్ రంగులున్నాయి. ఇంగ్లండులోని ఐసీఐ సంస్థ 1956లో వీటిని ప్రొసియన్ పేరుతో మొదట అమ్మింది. ఈ రంగు నూలుతో రసాయనికంగానే కలిసిపోతుంది, అదీ చల్లని నీళ్లలోనే. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు, 10 గ్రాముల బట్టల సోడా ఉండాలి. ఉప్పు చేసే పనేమిటో చాలామందికి తప్పుగా తెలుసు. ఉప్పు రంగును నీటిలోంచి బట్ట వైపు నెట్టుతుంది, అంతే. బట్టకు అతికించేది సోడా. అందుకే రంగు దిగే కొత్త చీరను ఉప్పునీళ్లలో నానబెట్టే అలవాటు ఆ పూటకు రంగును ఆపుతుంది గానీ రంగును శాశ్వతంగా పట్టించదు. నూలుకు రంగు పట్టించడానికి వెనిగర్ అసలే పనికిరాదు, అది ఉన్ని, పట్టు రంగులకు. రియాక్టివ్ రంగుల పొడి ఊపిరితో లోపలికి పోతే కొందరిలో ఆయాసం, ఎలర్జీ పుడతాయి. ముక్కుకు మాస్కు కట్టుకుని, ఫ్యాను ఆపి, పొడిని నీళ్లలో కలిపేదాకా పిల్లలను దూరంగా ఉంచాలి.

రంగు పట్టకుండా ఆపడం కూడా ఒక విద్యే. శనగ గింజను బట్టలో పెట్టి దారంతో బిగిస్తే ముడి విప్పాక తెల్లటి వలయం మిగులుతుంది. రాజస్థాన్, గుజరాత్ బాంధనీ, మదురై సుంగుడి ఇలా పుట్టినవే. పోచంపల్లిలో, పుట్టపాకలో ఈ ముడి బట్టకు కాదు, నేయకముందు నూలు పోగులకే వేస్తారు. పుట్టపాక తేలియా రుమాలు నూలును నూనెతో, ఆముదపు కాయల బూడిదతో రోజుల తరబడి పిసికి సిద్ధం చేస్తారు, ఆ నూనె వాసన మీదే దానికా పేరు. ఇంట్లో ప్రయోగానికి వీటన్నిటిలో ఆసక్తికరమైనది కుట్టి ముడవడం. బట్ట మీద గట్టి దారంతో పెద్ద టాకాలు వేసి, దారం చివరలు లాగి గుంజితే బట్ట కుచ్చిళ్లుగా దగ్గరపడుతుంది. రంగులో ముంచి, ఆరాక దారం తీసేస్తే సూది నడిచిన దారంతా తెల్లని పళ్లవరుసలా కనిపిస్తుంది. జపాన్ షిబోరీలో ఇదొక పెద్ద శాఖ. అతికించాల్సిన కుట్టే ఇక్కడ రంగును అడ్డుకుంటుంది.

ముక్కలను కలపడానికి ముందు ప్రతి రంగునూ పరీక్షించి తీరాలి. ప్రతి రంగు నుంచి చిన్న ముక్కను తెల్లగుడ్డకు కుట్టి వేడినీళ్లలో సబ్బుతో ఉతికితే రంగు దిగుతుందో లేదో తెల్లగుడ్డే చెబుతుంది. ఇంకో ముక్కను సగం అట్టతో కప్పి కిటికీలో రెండు వారాలు ఉంచితే ఎండకు ఎంత వెలుస్తుందో తెలుస్తుంది. ఆ ముక్కలను తేదీ, బరువు, కొలతలతో నోటుపుస్తకంలో అంటించుకోకపోతే ఆరు నెలల తరువాత ఆ ఎరుపు ఎలా వచ్చిందో గుర్తుండదు. రంగు వేసే పనిలో తక్కువమంది చేసేది, ఎక్కువ మేలు చేసేది ఈ పుస్తకమే.

కుట్టు పనికి బట్ట పోకడ తెలియాలి. పడుగు వైపు లాగితే బట్ట సాగదు, పేక వైపు కొంచెం సాగుతుంది, ఏటవాలుగా లాగితే రబ్బరులా సాగుతుంది. పడుగును పడుగుతో కలిపితే అతుకు చదునుగా పడుకుంటుంది. ఒక ముక్క నిలువుగా, పక్కది ఏటవాలుగా పడితే మొదటి ఉతుకుకే అలలు లేస్తాయి. రంగు వేడినీళ్లలో ఉడికిన బట్ట అప్పటికే ముడుచుకుని ఉంటుంది. దాని పక్కన ఉతకని కొత్త గుడ్డ కలిపితే తరువాత కొత్తది ముడుచుకుని పాతదాన్ని లాగుతుంది. ముక్కలన్నిటికీ ఒకే రకమైన ఉతుకు పడ్డాకే కత్తెర పట్టాలి.

చేత్తో కుట్టే మామూలు అతుకుకు అంచు నుంచి ఒక సెంటీమీటరు వదిలి, దగ్గర దగ్గరగా టాకాలు వేస్తూ, నాలుగైదు టాకాలకొకసారి ఒకటి వెనక్కి వేస్తే చాలు. కానీ ఉతికినకొద్దీ లోపలి అంచుల పోగులు ఊడి వస్తాయి. సంచి, పరదా లాంటి రెండు వైపులా కనిపించే పనికి ఫ్రెంచ్ సీమ్ అనే కుట్టు సరిపోతుంది. ముందు బట్టల మంచి వైపులు బయటికి పెట్టి అంచున సన్నగా కుట్టి, తిరగేసి, ఆ అంచును లోపల దాచి మళ్లీ కుట్టాలి. ఇంకా గట్టిది జీన్స్ ప్యాంటు కాళ్ల పక్కన కనిపించే జంట కుట్టు. అందులో ఒక అంచును రెండో అంచు మీదికి మడిచి రెండు వరుసలు వేస్తారు. కొరియాలో ముక్కలు కలిపి చేసే పొజగి అనే మూటగుడ్డలకు ఇదే పద్ధతిలో రెండు వైపులా తిరగామరగా లేని అతుకు వేస్తారు. పలచటి బట్టతో చేసి కిటికీకి కడితే అతుకుల గీతలు వెలుగులో ముదురుగా కనిపించి, అవే డిజైను అవుతాయి.

మన ఇళ్లలో ఈ విద్య బతికింది బొంతలో. పాత చీరలను పొరలుగా పరిచి, పెద్ద సూదితో అంచుల వెంట వరసలు వేస్తూ నడుమ దాకా కుడతారు. అన్ని పొరలనూ కలిపి కుట్టిన ఆ టాకాలే దానికి బలం, పైన ముక్కలు చిరిగినా బొంత విడిపోదు. ఉత్తర కర్ణాటక కౌది, బెంగాల్ కాంథా, బిహార్ సుజనీ దీని అక్కచెల్లెళ్లే. ఉత్తర కన్నడ జిల్లాలో స్థిరపడ్డ ఆఫ్రికా సంతతి సిద్దీ స్త్రీలు తమ కవంద్‌ను ఒక మూల నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడుమకు చేరతారు. ముక్కలను ముందే కలపరు, పొర మీద పరుచుకుంటూ పరుగు కుట్టుతో నేరుగా కుడతారు, చివర నాలుగు మూలలా చిన్న ముక్కలతో పువ్వులు పెడతారు. పువ్వులు లేని కవంద్ వారి దృష్టిలో పూర్తి కానట్టే. ముక్కలు కలపడానికి ఇంకా పాత ఆనవాలు బౌద్ధ భిక్షువుల చీవరంలో ఉంది. మగధలోని పొలాల మడులనూ గట్లనూ చూపి అలాగే కుట్టమని బుద్ధుడు ఆనందుడికి చెప్పినట్టు వినయపిటకం చెబుతుంది.

సూదితో పని లేకుండా మగ్గం మీదే అతుకు వేసే పద్ధతీ తెలుగువారికి ఉంది. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. మూడు నాడెలతో నేస్తూ ప్రతి వరసలో ఒళ్లు పేకను అంచు పేకతో ముడివేస్తారు. దీన్నే కుప్పడం అంటారు. ఒళ్లు ఒక రంగులో, అంచు ఇంకో రంగులో ఉన్నా వాటి మధ్య గీత కత్తితో కోసినట్టు ఉంటుంది, చిరుగు ఆ గీత వెంట రాదు.

కుట్టాక మళ్లీ రంగులో ముంచాలనుకునేవారు దారం విషయంలో జాగ్రత్త పడాలి. దుకాణంలో దొరికే కుట్టుదారం చాలావరకు పాలిస్టర్. బట్ట నీలం అవుతుంది, కుట్టు తెల్లగా మిగులుతుంది. కావాలని చేస్తే అదొక అందం, తెలియక చేస్తే పని పాడు. రంగు ఎక్కాలంటే నూలు దారమే వాడాలి. పొంతన లేని రంగుల ముక్కలు కలిపిన బొంతను చివర్లో బాగా పలచని నీలిలోనో కరక్కాయ, ఇనుము నీటిలోనో ఒకసారి ముంచి తీస్తే, అన్నింటి మీదా ఒకే నీడ పడి రంగులు ఒకదానికొకటి దగ్గరవుతాయి.

పూర్తయిన వస్త్రాన్ని కుంకుడు రసంలో ఉతకడం అన్నిటికన్నా క్షేమం, డిటర్జెంటు పొడుల్లోని క్షారం ప్రకృతి రంగులను మార్చేస్తుంది. ఆరవేయడం నీడలోనే, తిరగేసి. ఎంత జాగ్రత్తగా వాడినా బొంతలో ముందుగా చివికేది నల్ల ముక్కలే, ఇనుము లోపల దారాన్ని తింటూనే ఉంటుంది. పాత కలంకారీ గుడ్డల్లోనూ ఎరుపు, నీలం నిలిచి ఉండగా నల్ల గీతల చోట బట్ట రాలిపోయి కనిపిస్తుంది. అలాంటి చోట ఆ ముక్కను కోసి తీయకుండా, దానికన్నా రెండు వేళ్ల వెడల్పు ఎక్కువున్న గుడ్డతో పైన మాసిక వేసి, అంచులు లోపలికి మడిచి, చుట్టూ గట్టిగా ఉన్న బట్ట దాకా టాకాలు నడిపించాలి.